పిందె నుంచి టెంక దాకా: తెలుగునాట మామిడి ఆహార చరిత్ర

మామిడి పోషకవిలువను గురించిన చర్చ నేడు ఎక్కువగా పండు చుట్టూ, అందులోనూ పండులోని విటమిన్ల చుట్టూ తిరుగుతున్నది. తెలుగు ప్రాంతాల ఆహార చరిత్రను పరిశీలిస్తే మాత్రం, మామిడి ఇక్కడ వేసవిలో కొన్నాళ్లు తిని మరచిపోయే తీపి పండుగా కాక, పిందె, పచ్చికాయ, పండు, టెంక అనే నాలుగు దశల్లోనూ అక్కరకు వచ్చి, ఏడాది పొడవునా ఏదో ఒక రూపంలో విస్తరిలోకి చేరిన ఆహారంగా కనిపిస్తుంది. ఆ నాలుగు దశల వాడుక వెనుక శతాబ్దాల అనుభవం ఉన్నది. ఇరవయ్యో శతాబ్దపు పోషకాహార శాస్త్రం చేసిన పని, ఆ అనుభవంలో చాలా భాగానికి కొలతలు కట్టి, కొంత భాగానికి హెచ్చరికలు జోడించడం. మామిడి ఆరోగ్యానికి ఏ మేరకు మేలు చేస్తుందన్న ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే పండును ఒక్కదాన్నే విడదీసి చూడకుండా, చెట్టు మొత్తాన్ని ప్రజలు ఎలా వాడుకున్నారో, ఆ వాడుక కాలక్రమంలో ఎలా కుదించుకుపోయిందో తెలుసుకోవలసి ఉంటుంది.

చెట్టు, వైద్యం

మామిడి జీడిమామిడి కుటుంబానికి చెందిన వృక్షం; 1753లో లిన్నేయస్ దానికి మాంజిఫెరా ఇండికా అనే శాస్త్రీయ నామం పెట్టాడు. ఈశాన్య భారతం, మయన్మారు, బంగ్లాదేశ్‌ల సరిహద్దు అడవులు దాని జన్మస్థానమని వృక్షశాస్త్రజ్ఞులు ఎక్కువమంది భావిస్తారు. మేఘాలయలోని దామల్‌గిరి వద్ద దొరికిన, సుమారు ఆరు కోట్ల ఏళ్ల నాటి ఆకు శిలాజాలు మామిడి పూర్వరూపానికి చెందినవని చేసిన గుర్తింపు ఆ అభిప్రాయానికి బలం చేకూర్చింది. అక్కడి నుంచి దక్షిణాపథానికి మామిడి ఎప్పుడో చరిత్ర తొలినాళ్లకు ముందే చేరి, తోరణంగా, కలశం మీది ఆకుగా, ఉగాది పచ్చడిలోని పులుపుగా శుభకార్యాలన్నిటిలోనూ స్థానం సంపాదించింది.

ఆరోగ్యానికి సంబంధించిన తొలి వివరమైన ప్రస్తావనలు ఆయుర్వేద గ్రంథాల్లో కనిపిస్తాయి. చరక సంహిత ఔషధ ద్రవ్యాలను పదేసి చొప్పున గణాలుగా విభజించింది; వాటిలో హృద్య గణం, అంటే మనసుకూ గుండెకూ హితమైన పులుపు ద్రవ్యాల సముదాయం, మామిడితోనే మొదలవుతుంది. వాంతులను అరికట్టే గణంలో మామిడి చిగురుకూ, విరేచనాలను కట్టే గణంలో మామిడి జీడికీ, అంటే టెంక లోపలి పప్పుకూ, చోటు దక్కింది. ఆ గ్రంథమే మరొక చోట లేత కాయ రక్తపిత్తాన్ని, అంటే రక్తస్రావ వ్యాధిని, కలిగిస్తుందనీ, సగం పండినది పిత్తాన్ని పెంచుతుందనీ, బాగా పండినది వాతాన్ని జయించి మాంసానికీ బలానికీ పుష్టి ఇస్తుందనీ దశలవారీగా వేరుచేసి చెప్పింది. ఈ వర్గీకరణలోని వాత పిత్త సిద్ధాంతాన్ని నేటి వైద్యం అంగీకరించకపోవచ్చు గాని, ఒకే చెట్టు కాయ దశను బట్టి శరీరం మీద వేర్వేరుగా పనిచేస్తుందన్న పరిశీలన మాత్రం గమనింపదగినది. కాయ పండే క్రమంలో ఆమ్లాలు తగ్గి, పిండిపదార్థం చక్కెరగా మారి, పసుపుపచ్చని కెరోటిన్ పెరుగుతుందని ఆధునిక రసాయన శాస్త్రం చెప్పిన విషయం ఆ పరిశీలనకు విరుద్ధం కాదు.

పిందె, పచ్చికాయ, ఊరగాయ

మామిడి పూతగుత్తిలో వందల నుంచి వేల దాకా పూలుంటాయి. వాటిలో కాయగా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. పిందె కట్టిన తరువాత కూడా ఎండకూ గాలికీ చాలా భాగం రాలిపోతుంది. ఆ రాలిన పిందెను వృథా పోనీయకుండా ఉప్పులో వేసి నిలవ చేసుకోవడం దేశమంతటా పాత అలవాటే. పద్నాలుగో శతాబ్దంలో భారతదేశంలో కొన్నేళ్లు గడిపిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, పండక ముందే రాలిన మామిడికాయలను తన దేశంలో నిమ్మకాయలను ఊరవేసినట్లు ఇక్కడ ఉప్పులో ఊరవేసి, భోజనంలో ముద్దముద్దకూ నంజుకుంటారని రాశాడు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యద కావ్యంలో వైష్ణవ భక్తుడు విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టిన భోజనాలను వర్ణిస్తూ, వేసవి విస్తరిలో నులివెచ్చని అన్నం, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్లు, నీరుమజ్జిగలతో పాటు వడపిందెలను, అంటే ఊరవేసిన పిందెలను, కూడా చేర్చాడు. చెమటతో ఒంట్లోని నీరూ ఉప్పూ పోయే కాలంలో పులుపు, ఉప్పు, పలుచని మజ్జిగ ఒకే భోజనంలో కలవడం రుచి కోసమే కాక శరీరధర్మం దృష్ట్యా కూడా తగిన ఏర్పాటు.

నేడు తెలుగువారి గుర్తుగా చెలామణి అవుతున్న ఎర్రని ఆవకాయ మాత్రం అంత ప్రాచీనమైనది కాదు. ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నవే అయినా, మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చి, క్రమంగా మిరియాల స్థానాన్ని ఆక్రమించింది. కనుక మిరప్పొడి, ఆవపిండి సమపాళ్లలో కలిసిన ఆవకాయ ఆ తరువాతి కాలపు రూపమే అయి ఉండాలి. అయితే ఆ రూపంలో నిలవ చేసే విద్య పరాకాష్ఠకు చేరింది: ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, కాయలోని సహజమైన పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుంది, ఆవపిండిలోని ఘాటైన పదార్థం బూజును అడ్డుకుంటుంది, పైన తేలే నూనె గాలిని లోపలికి రానివ్వదు. టెంకతో సహా ముక్కలు కొట్టడం వల్ల ముక్క ఏడాది దాకా మెత్తబడకుండా నిలుస్తుంది. చెక్కు తీసి, ముక్కలను ఉప్పు పసుపుల్లో ఊరవేసి, ఊట పిండి ఎండబెట్టి చేసే మాగాయ, ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఒరుగులు, తెలంగాణ ఇళ్లలోని మామిడి తొక్కు, ఇవన్నీ ఒకే సూత్రానికి ప్రాంతాన్ని బట్టి, కాయను బట్టి ఏర్పడిన రూపాంతరాలు.

ఊరగాయను పోషకాల గనిగా భావించడం సరికాదు. నిలవలో విటమిన్ సి చాలా వరకు నశిస్తుంది, ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవారు దాన్ని పరిమితంగానే వాడాలి. దాని చారిత్రక ప్రయోజనం వేరు: కూర దొరకని వానకాలపు రోజుల్లో అన్నమో జొన్నరొట్టో రాగిసంకటో గొంతు దిగడానికి అది ఆసరాగా నిలిచింది. అసలైన పోషక ప్రయోజనం అప్పటికప్పుడు వండే పచ్చికాయ వంటల్లో ఉన్నది. మామిడికాయ పప్పులో కాయ పులుపు, కందిపప్పు మాంసకృత్తులు కలుస్తాయి. పప్పుధాన్యాల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము శరీరానికి సులభంగా పట్టదు గాని, సిట్రిక్ ఆమ్లం, విటమిన్ సి వంటివి తోడైనప్పుడు దాని గ్రాహ్యత, అంటే పేగుల్లో ఇంకే శాతం, పెరుగుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎండు మామిడి పొడితో చేసిన ప్రయోగాల్లో గింజధాన్యాల, పప్పుధాన్యాల నుంచి ఇనుము, జింకు లభ్యత మెరుగుపడిందని గుర్తించారు. రక్తహీనత నేటికీ విస్తారంగా ఉన్న సమాజంలో పప్పులో మామిడికాయ వేసే అలవాటును రుచి విషయంగా మాత్రమే చూడరాదు.

అంటు కట్టిన కాలం

విత్తనం నాటితే మొలిచిన మామిడి సాధారణంగా తల్లిచెట్టు గుణాన్ని తప్పుతుంది. భారతీయ రకాల్లో అధికభాగం టెంకలో ఒకే పిండం ఉండి, అది పరపరాగ సంపర్కం వల్ల ఏర్పడేది కావడమే ఇందుకు కారణం. అందువల్ల పూర్వపు తోటలన్నీ ఒక చెట్టుకు మరొక చెట్టుకు పోలిక లేని నాటు మామిడి తోపులే. మంచి చెట్టు కొమ్మను మరొక మొక్కకు కలిపి కట్టి, రెండూ అతుక్కున్నాక వేరుచేసే అంటు పద్ధతి పదహారు, పదిహేడో శతాబ్దాల్లో గోవాలోని పోర్చుగీసువారి ద్వారా, ముఖ్యంగా జెసూట్ మతగురువుల ద్వారా, మామిడిలో విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది; ఆల్ఫాన్సో వంటి రకాలు ఆ కృషి ఫలితమే. పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో గోవాలో అచ్చయిన తన ఔషధ గ్రంథంలో మామిడిని గురించి చర్చించడం, ఆనాడే ఆ పండుకు కలిగిన గౌరవానికి నిదర్శనం.

అంటు వచ్చాక రకం అనే భావన స్థిరపడింది. తెలుగునాట సంస్థానాధీశులూ జమీందారులూ తమ తోటల్లో ఎంపిక చేసిన చెట్లను పెంచడంతో ప్రాంతానికొక ప్రసిద్ధి ఏర్పడింది. నవాబుల ఏలుబడిలో ఉండి, 1948లో కర్నూలు జిల్లాలో విలీనమై, నేడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె పేరు బంగినపల్లి పండుగా ప్రపంచమంతటా తెలిసింది. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కృష్ణా ప్రాంతంలోని నూజివీడు, తెలంగాణలోని కొల్లాపూర్‌ల పండ్లు, ఉత్తరాంధ్రకు చెందిన సువర్ణరేఖ, గోదావరి జిల్లాల పండూరి మామిడి, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ, కోస్తాలో వ్యాపించిన చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, హైదరాబాదువాసులు హిమాయత్ అని పిలిచే ఇమాంపసంద్, చిత్తూరు సీమలో గుజ్జు పరిశ్రమకు ఆధారమైన తోతాపురి, వీటిలో ప్రతి రకానికీ ఒక నియమిత ప్రయోజనం ఉండేది: కొన్ని కోసుకు తినడానికి, కొన్ని రసం పీల్చడానికి, కొన్ని ఊరగాయకు, కొన్ని పచ్చిగా ఉప్పూ కారం అద్దుకు తినడానికి.

ఈ వైవిధ్యాన్ని శాస్త్రీయంగా నమోదు చేసిన ఘనత అప్పటి కడప జిల్లా కోడూరులో 1935లో ఏర్పడిన పండ్ల పరిశోధన కేంద్రానికి దక్కుతుంది. అక్కడ పనిచేసిన కె.సి. నాయక్, ఎస్.ఆర్. గంగొల్లిలు 1950లో దక్షిణ భారత మామిడి రకాల వర్గీకరణ గ్రంథాన్ని వెలువరించి, మూడు వందలకు పైగా రకాలను వివరించారు. కోడూరు, సంగారెడ్డి కేంద్రాల్లో సంకరణం ద్వారా నీలుద్దీన్, నీల్గోవా, స్వర్ణజహంగీర్, మంజీర వంటి కొత్త రకాలు రూపొందాయి. అయితే ఒక వంక రకాలను లెక్కకెక్కిస్తున్న కాలంలోనే, దూరప్రయాణానికి తట్టుకునే మందపాటి తొక్క, పీచులేని కండ, చూడచక్కని రంగు గల కొద్ది రకాలను మాత్రమే కోరే మార్కెట్టు వల్ల మిగిలినవి తోటల నుంచి తప్పుకోసాగాయి. నిలవ ఉండని, పీచు ఎక్కువగల, కాని ఊరికి దగ్గరలో చౌకగా దొరికే రసాలూ నాటు పండ్లూ ఈ మార్పులో బాగా నష్టపోయాయి.

పండు, తాండ్ర, ప్రయోగశాల

పండులోని పోషకాల లెక్కకు దక్షిణ భారతంలోనే చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నాయకత్వాన బెరిబెరి వ్యాధి పరిశోధనకు మొదలైన చిన్న విభాగం క్రమంగా పోషకాహార పరిశోధన శాలగా ఎదిగింది. ఆ సంస్థకు సంచాలకుడైన డబ్ల్యు.ఆర్. అయిక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషకవిలువల పట్టికను ప్రచురించాడు. 1958లో సంస్థ హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది; సంచాలకుడు సి. గోపాలన్ కాలంలో విస్తృతమైన ఆ పట్టికలు దశాబ్దాల పాటు దేశంలోని ఆహార ప్రణాళికలకు ఆధారంగా నిలిచాయి. ఏ ఆహారంలో ఏమున్నదో కొలిచి చెప్పే విద్యకు తెలుగునేల కేంద్రం కావడం ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

అంతర్జాతీయ పట్టికల ప్రకారం నూరు గ్రాముల మామిడి కండలో సుమారు 83 గ్రాముల నీరు, 15 గ్రాముల పిండిపదార్థాలు, 1.6 గ్రాముల పీచు, 36 మిల్లీగ్రాముల విటమిన్ సి, 43 మైక్రోగ్రాముల ఫోలేట్, 168 మిల్లీగ్రాముల పొటాషియం ఉండి, 60 కిలోకాలరీల శక్తి లభిస్తుంది. ఈ అంకెలు రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి చాలా మారతాయి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది బీటా కెరోటిన్. పండుకు పసుపు రంగునిచ్చే ఈ పదార్థాన్ని శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. ఆ విటమిన్ లోపిస్తే మొదట రేచీకటి, తరువాత కనుగుడ్డు పొడిబారడం, చివరకు అంధత్వం సంభవిస్తాయి. ఇరవయ్యో శతాబ్దం నడుమ పేద పిల్లల్లో ఈ లోపం ఎంత తీవ్రంగా ఉండేదంటే, హైదరాబాదు సంస్థ పరిశోధనల ఆధారంగా ఐదేళ్ల లోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ ద్రావణం ఇచ్చే పథకాన్ని ప్రభుత్వం 1970లో దేశవ్యాప్తంగా ప్రారంభించవలసి వచ్చింది. ఆకుకూరల్లోని కెరోటిన్ కన్నా పండ్లలోని కెరోటిన్ శరీరానికి సులువుగా అందుతుందని ఇండోనేషియాలో జరిగిన పరిశోధనలు చూపాయి. కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం కనుక, పెరుగన్నంలో మామిడిపండు నంజుకు తినే తెలుగువారి అలవాటులో పాల కొవ్వు దానికి తోడై, ఆ పోషకం ఒంటికి పట్టడానికి సహాయపడుతుంది.

పండు నిలవ ఉండే కాలం స్వల్పం కాబట్టి, ఆ లాభాన్ని తరువాతి నెలలకు దాచుకోవడానికి ఏర్పడినదే తాండ్ర. పీచుగల రసం పండ్ల నుంచి తీసిన రసాన్ని, అవసరాన్ని బట్టి చక్కెరో బెల్లమో కలిపి, వెదురు చాపల మీద పలుచగా పోసి, ఆరిన పొర మీద మరొక పొర చొప్పున రోజుల తరబడి ఎండలో పేర్చి, మందమైన పలకగా చేసి కోసే ఈ పద్ధతి విజయనగరం జిల్లా భీమాళిలోనూ, గోదావరి తీరంలోని ఆత్రేయపురంలోనూ కుటుంబ వృత్తిగా నిలిచింది. అంగడిలో అమ్ముడుపోని, ప్రయాణానికి పనికిరాని పండుకు తాండ్ర ఒక విలువనిచ్చింది. ఎండలో కొంత విటమిన్ పోయినా శక్తి, పీచు, ఖనిజాలు నిలుస్తాయి. అయితే నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది కనుక దాన్ని కొద్దిగా తినడమే మంచిది. తాజా పండు విషయంలో కూడా మధుమేహం ఉన్నవారికి పరిమాణమే కీలకం. పండు రక్తంలో చక్కెరను పెంచే వేగం మధ్యస్థంగా ఉన్నా, రెండు మూడు పెద్ద పండ్లు ఒకేసారి తింటే మొత్తం చక్కెర భారం తప్పదు. ఆకులోనూ తొక్కలోనూ ఉండే మాంజిఫెరిన్ వంటి పదార్థాల గుణాలు ప్రయోగశాలలో ఆశాజనకంగా కనిపించినంత మాత్రాన, మామిడి రోగాలను నయం చేస్తుందని ప్రచారం చేయడం శాస్త్రసమ్మతం కాదు.

మాగబెట్టే తీరు కూడా ఆరోగ్యంలో భాగమే. పక్వానికి వచ్చిన కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, వరిగడ్డిలో మాగవేసే పాత పద్ధతి కాయ తనంతట తాను విడుదల చేసే ఎథిలీన్ వాయువు మీద ఆధారపడినది. తొందర కోసం వాడే కాల్షియం కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషాలు ఉండే ప్రమాదం వల్ల దాన్ని చట్టం నిషేధించింది; నియంత్రిత గదుల్లో ఎథిలీన్ వాయువును వాడడానికి 2016లో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ అనుమతినిచ్చింది. తినే ముందు పండ్లను నీళ్లలో నానబెట్టే ఇంటి అలవాటు, చర్మానికి దురద, పుండు కలిగించే సొనను కడిగివేయడానికి ఉపయోగపడుతుంది.

టెంక చెప్పే చరిత్ర

మామిడి ఆహార చరిత్రలో అన్నిటికన్నా తక్కువగా చెప్పబడిన అధ్యాయం మన్యం ప్రజలది. ఉత్తరాంధ్ర కొండల్లోని సవరలు, జాతాపులు మొదలైనవారు తొలికాయను దేవతకు నివేదించి మామిడి కొత్త పండుగ జరిపే దాకా దాన్ని తినరు. లేతగా ఉన్నప్పుడే చెట్టును దులిపేయకుండా కాయ ఎదగడానికి ఈ కట్టుబాటు తోడ్పడుతుంది. పండు కాలం ముగిశాక వారు టెంకలను పోగుచేసి, పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి, వెదురుబుట్టల్లో వాగునీటిలో నానవేసి, వగరు పోయాక పిండి చేసి అంబలి కాచుకుంటారు. జీడిలో పిండిపదార్థం అధికంగానూ, కొవ్వు నూటికి సుమారు పది పాళ్లూ ఉండగా, టానిన్లు అనే వగరు పదార్థాలు అరుగుదలకు అడ్డు వస్తాయి. పారే నీటిలో నానబెట్టడం ఆ టానిన్లను తొలగించే ప్రక్రియే. పాత ధాన్యం నిండుకుని కొత్త పంట చేతికి రాని వానకాలపు నెలల్లో, కరవు రోజుల్లో, ఈ అంబలి కుటుంబాలను బతికించింది.

ఆ విద్య ఎంత విలువైనదో, దాని వెనుక ఉన్న లేమి అంత బాధాకరమైనది. 2001లో సరిహద్దుకు ఆవల ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో తేమకు బూజుపట్టిన టెంకపిండి గంజి తాగి పలువురు ఆదివాసులు మరణించడం దేశాన్ని కలవరపరచింది. లోపం టెంకది కాదు. సరైన నిలవ సదుపాయమూ, అవసరమైన వేళకు తిండిగింజలూ అందకపోవడంలోనే ఆ లోపం ఉన్నది. మరోవంక, కోకో వెన్నకు దగ్గరి లక్షణాలు గల ఈ జీడి కొవ్వును ఐరోపా సమాఖ్య 2000లో చాక్లెట్ తయారీకి అనుమతించిన ఆరు వృక్ష కొవ్వుల్లో ఒకటిగా చేర్చింది. ఒకచోట ఆకలి ఆహారమైనది మరొకచోట విలాస వస్తువులో భాగమైనప్పుడు, టెంకలు ఏరే చేతులకు అందులో న్యాయమైన వాటా దక్కవలసి ఉన్నది.

ఈ చరిత్ర అంతటినీ కలిపి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. మామిడి వల్ల కలిగే మేలు ఏదో ఒక విటమిన్‌లోనో ఏదో ఒక ప్రసిద్ధ రకంలోనో లేదు. పిందెను ఊరవేసి, కాయను పప్పులో వండి, పండును పెరుగన్నంతో తిని, మిగిలిన రసాన్ని తాండ్రగా ఎండబెట్టి, టెంకను కూడా వదలని సంపూర్ణమైన వాడుకలో ఉన్నది. ఆ వాడుకకు ఆధారం వందలాది రకాల వైవిధ్యం, ఊరూరా నిలిచిన నాటు చెట్లు. రోడ్ల విస్తరణలోనూ ఇళ్ల స్థలాల్లోనూ ఆ చెట్లు ఏటా నేలకూలుతున్నాయి. మిగిలిన చెట్లను ఊరి ఉమ్మడి ఆస్తిగా కాపాడడం, కోడూరు, సంగారెడ్డి వంటి కేంద్రాల్లోని రకాల సేకరణలకు ప్రభుత్వాలు తగిన నిధులివ్వడం, అంగన్‌వాడీ, బడి భోజనాల్లో వేసవి ముందు నెలల్లో మామిడికాయ పప్పును, దొరికినన్నాళ్లు స్థానికమైన రసం పండును చేర్చడం పెద్ద ఖర్చు లేని పనులు; పిల్లల కళ్లకూ రక్తానికీ మేలు చేసే ఈ పనులకు పూనుకోవలసినది పంచాయతీలూ, ప్రభుత్వాలూ, చెట్టున్న ప్రతి కుటుంబమూ.